గడపకు అడ్డంగా చాపిన కాలు

త్రిపురారం భద్రమ్మ ఎడమకాలు తగిలాక కూడా నడుము పట్టు వదలని మనిషి ఇటు మిర్యాలగూడ నుంచి అటు కోదాడ దాకా ఒక్కడు లేడు. ఉన్నాడంటే పట్టుకొచ్చి చూపించండి, నా మీసం తీసి మీ చేతిలో పెడతాను.

ఆ హుజూర్‌నగర్ లారీ డ్రైవరు సంగతే చూడండి. మిల్లు దగ్గర వడ్ల బస్తా దించబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోతే, నలుగురు అతన్ని టార్పాలిన్‌లో వేసుకొచ్చి భద్రమ్మ వాకిట్లో దించారు. ఆమె ఎడమ మడమతో మూడుసార్లు తాకించింది. డ్రైవరు లేచాడు. టార్పాలిన్ దులిపి మడిచాడు. మోసుకొచ్చిన నలుగురిలో ఒకడికి ఆ మోతకు నడుము పట్టేసిందని తెలిసి, వాణ్ణి భుజాన వేసుకుని లారీ దాకా నడిచిపోయాడు.

అంతటి కాలు అది. తల్లి కడుపులోంచి తల కాకుండా పాదం ముందు బయటపెట్టి, లోకం తడిగా ఉందో పొడిగా ఉందో చూసుకుని మరీ దిగిన కాలు. ఎదురుకాళ్ళ బిడ్డ అంటే ఊరికే కాదు.

ఆ కాలు ఈ బుధవారం పొద్దున గడపకు అడ్డంగా చాపి ఉంది.

గడప లోపల, అర్రలో, కోడలు నవనీత నిండు కడుపుతో మంచం పట్టె మీద కూర్చుంది. గడప బయట నవనీత తల్లి సైదమ్మ. కోదాడలో మొదటి బస్సెక్కి, మిర్యాలగూడలో ఆటో మాట్లాడుకుని వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నిలబడింది. మధ్యలో భద్రమ్మ. ఒక ద్వారబంధానికి వీపు ఆనించి, రెండో దానికి పాదం ఆనించి, ఒడిలో చేట పెట్టుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది.

"వదినా, కాలు తియ్యండి. పిల్లను తీసుకెళ్ళాలి. ఇయ్యాల ఆస్పత్రిలో చేర్చమన్నారు డాక్టరమ్మ."

"నీ బిడ్డను నేను కట్టేసిన్నా వదినె? తలుపు తెరిసే ఉన్నది సూడు."

"తలుపు తెరిచే ఉంది. మీ కాలే మూసుంది."

భద్రమ్మ ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది. అది సైదమ్మ చెప్పు పక్కనే పడింది. గురి చూసి వేసిందో, అలా పడిందో ఎవరు చెప్పగలరు?

నవనీత ఆ కాలినే చూస్తోంది. పగిలిన మడమ, వెండి కడియం, పసుపు రంగు ఇంకిపోయిన గోళ్ళు. దాటడానికి ఒక్క అడుగు. కానీ చాపిన కాలు దాటకూడదని చెప్పి పెంచింది ఎవరు? ఇదిగో, ఈ సైదమ్మే. చిన్నప్పుడు నిద్రపోతున్న తాత కాళ్ళు దాటిందని వెనక్కి దాటించి, వీపు మీద ఒకటిచ్చి, మొక్కించింది. ఇక నిండు చూలాలు అత్త కాలు దాటడమంటే మాటలా? ఆ పాదం మామూలు పాదమైతే వేరే సంగతి.

అర్రకు వేరే తలుపు లేదు. కిటికీకి ఇనుప చువ్వలు. ఆ చువ్వల అవతల దొడ్డిలో మామ కొమురయ్య ఈనబోయే గొర్రెకు తవుడు కలుపుతున్నాడు. ఇంట్లో గొడవ మొదలైతే ఆయనకు తవుడు కలపడం గుర్తొస్తుంది. ఈ వారంలో ఆ గొర్రె బాగా బలిసింది.

"బిడ్డ కూసున్నది లోపట," అంది భద్రమ్మ, ఇంతకు ముందు ఎవరూ వినలేదన్నట్టు. "కాళ్ళు కిందికి పెట్టి కూసున్నది. నా లెక్క. గసొంటి బిడ్డను కోసి తీస్తే కాళ్ళు ముందొచ్చినట్టా? కడుపు మీదికెళ్ళి తీసినంక కాళ్ళేంది, తలేంది? అంత ఒక్కటే అయితది. పుట్టుక ఖరాబయితది."

"పుట్టుక ఖరాబైనా ఫర్లేదు, పిల్ల బతకాలి గదా వదినా."

"నేను బత్కలేదా?"

ఎదురుగా కూర్చుని పప్పు ఏరుతున్న మనిషిని బతకలేదని ఎలా అంటాం?

మిర్యాలగూడ డాక్టరమ్మ మాటలు నవనీత చెవుల్లో ఇంకా ఉన్నాయి. స్కానింగు గదిలో ఆవిడ ఒక తువ్వాలు తీసి ముడిచి, బొమ్మలా చేసి చూపించింది.

"చూడమ్మా, ఏడో నెల, ఎనిమిదో నెల దాకా లోపల చోటుంటుంది. చేపపిల్లలా తిరుగుతుంది. పొద్దున తల పైకి, సాయంత్రం తల కిందికి. తర్వాత ఒళ్ళు పెరుగుతుంది, చోటు తగ్గుతుంది. చాలామంది తల కిందికి పెట్టుకుని సర్దుకుంటారు. వందలో ముగ్గురో నలుగురో కూర్చునే ఉంటారు. ఎప్పుడో ఒకరు అడ్డంగా పడుకుంటారు. మీ బిడ్డ కూర్చుంది. ఒక పాదం బాగా కిందికి జారింది."

"పైనుంచి రుద్ది తిప్పలేరా మేడం?"

"కొందరికి చేతితో తిప్పి చూస్తాం, ఆస్పత్రిలోనే, గుండె కొట్టుకోవడం చూసుకుంటూ. నీకు ఉమ్మనీరు తక్కువుంది. తిప్పకూడదు. ఇంటి దగ్గర నూనె రాసి ఎవరితోనూ తిప్పించుకోకు."

"ఎందుకిట్ల కూసున్నది మేడం? నేనేమన్న తప్పు చేసిన్నా? బండి మీద తిరిగిన, బరువులెత్తిన..."

"చాలాసార్లు మాకూ తెలియదమ్మా. నీ తప్పు కాదు. బిడ్డ తప్పు అసలే కాదు." ఆవిడ తువ్వాలు విప్పి దులిపింది. "తల ముందొస్తే దారి చేసుకుంటూ వస్తుంది. పాదం ముందొస్తే ఆ సందులోంచి బొడ్డుపేగు జారొచ్చు. తల చివర ఇరుక్కోవచ్చు. అందుకే నొప్పుల కోసం చూడొద్దు. బుధవారం వచ్చి చేరు. ఈలోపు ఎప్పుడు నీళ్ళు పోయినా నిలబడకు, పడుకో, నడుము కింద ఎత్తు పెట్టుకో, పడుకునే రా."

ఆ గదిలో భద్రమ్మ కూడా ఉంది. ఇన్ని మాటల్లో ఆమెకు వినిపించింది ఒక్కటే. పాదం. అక్కడికక్కడే కోడలి గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. బస్టాండు దగ్గర మైసూర్‌పాక్ కొని, త్రిపురారం చేరేలోపు బస్సులో సగం, చేరాక వీధిలో సగం పంచింది.

ఆనాటి నుంచి నవనీత కడుపు నవనీతది కాకుండా పోయింది. వచ్చేవాళ్ళు, చెయ్యి పెట్టి చూసేవాళ్ళు. "గీడ పాదం తగులుతున్నదే!" అని మురిసేవాళ్ళు. పక్కవీధి గౌరయ్య తన నడుముకు ముందుగానే పేరు రాయించుకోవడానికి వచ్చాడు.

"భద్రమ్మా, నీ మోకాలు ఇగ లేస్తలేదు. నీ మనుమడో మనుమరాలో కాలెత్తేదాక నా నడుము ఆగుతదా?"

"ఆపుకో మామా. జర ఓపిక పట్టు. ముందుగాల నీదే."

అందరూ నవ్వారు. నవనీత కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని.

గౌరయ్య పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆయన నడుముకు ఇదివరకే భద్రమ్మ కాలు ఏడెనిమిదిసార్లు తగిలింది. తగ్గలేదు. ఆ మాటకొస్తే ఈ కథ చెబుతున్నవాడి నడుముకూ తగిలింది. మూడు రోజులు పరగడుపున బోర్లా పడుకున్నాను. నాలుగో రోజు సూర్యాపేట ఎముకల డాక్టరు దగ్గరికి ఆటోలో పడుకుని పోయాను. మొదట్లో మీసం పందెం కాశాను కదా అంటారేమో. నాకు మీసం లేదు.

"గొర్లను సూడు," అంటోంది భద్రమ్మ, పప్పు చెరుగుతూ. "మన దొడ్ల పుట్టిన పిల్లలన్ని కాళ్ళు ముందు పెట్టే వస్తయి. ఏ గొర్రె పోయింది మిర్యాలగూడ? ఏమయ్యా, చెప్పు! గొర్రె ఈనితే ముందేమొస్తది?"

దొడ్డిలో తవుడు కలుపుతున్న చెయ్యి ఆగింది.

"కాళ్ళు," అన్నాడు కొమురయ్య.

"ఇన్నవా వదినె? కాళ్ళు!"

కొమురయ్య ఇంకేదో అనబోయినట్టు నోరు తెరిచాడు. గొర్రె బకెట్లో మూతి పెట్టింది. ఆయన నోరు మూసుకున్నాడు. కిటికీలోంచి చూస్తున్న నవనీతకు ఆ మూసుకున్న నోటి మీద వచ్చినంత కోపం అత్త కాలి మీద కూడా రాలేదు.

సైదమ్మ కొంగులోంచి ఫోను తీసింది. "అల్లుడుగారికి చేస్తాను. ఆయనే చెప్తారు."

మహేశ్వర్ సూర్యాపేటలో టైర్ల షాపులో ఉన్నాడు. వెనక గాలి కొట్టే మిషను మోత. స్పీకర్ పెట్టారు.

"చెప్పుండ్రి అత్తమ్మా."

"బాబూ, మీ అమ్మగారు గడపకడ్డం కూర్చున్నారు. పిల్లను పంపనంటున్నారు. డాక్టరు మాట వినాలా, వద్దా?"

"ఇనాలె అత్తమ్మా. మీరన్నది కరెక్టే."

"మహేశూ," అంది భద్రమ్మ కూర్చున్న చోటునుంచే. "ఇంటి పుట్టుక ఇంట్ల కావాలన్న. తప్పా?"

"తప్పని ఎవలన్నరమ్మా? నువ్వన్నది గూడ కరెక్టే."

"ఇద్దరిదీ కరెక్టెలా అవుద్ది బాబూ?"

గాలి మిషను ఒకసారి బుస్సుమంది. "సాయంత్రం వస్త అత్తమ్మా. కూసొని మాట్లాడుకుందాం."

"అమ్మా, ఫోన్ ఇటియ్యి," అంది నవనీత లోపల్నుంచి. సైదమ్మ చెయ్యి చాపింది, భద్రమ్మ తల మీదుగా. ఫోను ఒక్కటి మాత్రం గడప దాటింది.

"ఏమయ్యా, నేనన్నది గూడ కరెక్టేనా?"

"నువ్వు... నువ్వేమన్నవ్?"

"నేనేమనలే. నన్నెవ్వలడగలే."

"నవనీతా, జర అమ్మను పరేషాన్ చెయ్యకు. పెద్దది. నేను మాట్లాడత గద..."

ఆమె ఫోను దిండు కింద పెట్టింది. దిండు కింద అతను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. వంగి ఫోను పెట్టి నిటారుగా అయ్యేసరికి, లోపల ఏదో దారం తెగినట్టు చిన్నగా తెలిసింది. నొప్పి కాదు. వెచ్చగా.

వెచ్చదనం తొడల మీదికి దిగింది. చీర తడిసింది. మంచం నవారు తడిసింది. కింద గచ్చు మీద ఒక చుక్క పడి, పక్కన ఇంకో చుక్క పడింది.

నవనీత అరవలేదు. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి మెల్లగా వెనక్కి వాలి, ఫోనుతో సహా దిండు లాగి నడుము కింద పెట్టుకుంది.

చెప్పాలి. కానీ ఎవరికి?

ఆ మూల చూడండి. పాత మెత్త, ఉతికిన పాత పంచెలు, కాగితం విప్పని కొత్త బ్లేడు, నువ్వుల నూనె సీసా. మొన్నటి నుంచి అన్నీ సర్ది ఉన్నాయి. ఊరి చివర పాత మంత్రసానికి కబురు కూడా వెళ్ళింది. నీళ్ళు పోయాయని ఇప్పుడు అరిస్తే అత్త సంతోషంతో లేస్తుంది. కాలు తీస్తుంది నిజమే. కానీ బయటికి పోనివ్వడానికి కాదు, తాను లోపలికొచ్చి తలుపు వెయ్యడానికి. ఆ తలుపు ఒకసారి పడితే లోపల ఏం జరిగినా బయట సైదమ్మ ఏడవడం తప్ప చేసేదేమీ ఉండదు.

చెప్పకపోతే? లోపల పాదం ఒకసారి కదిలింది. బాగా కింద.

"వదినా, కాళ్ళు మొక్కుతాను," అంటోంది సైదమ్మ.

"మొక్కు. అందరు మొక్కేటియే గదా ఇవి."

ఆ మాటతో నవనీతకు ఒక సంగతి తోచింది. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఆ పుట్టుక కథ వింటూనే ఉంది. పశువుల కొట్టంలో పుట్టిందనీ, ఆ రోజు వాన వెలిసిందనీ, పాదం ముందొచ్చిందనీ, మంత్రసాని దండం పెట్టిందనీ. ఎన్నిసార్లు విన్నా ఆ కథలో పాదం ఉంది, వాన ఉంది, మంత్రసాని ఉంది, ఆఖరికి కట్టేసిన బర్రె కూడా ఉంది. ఒక్క మనిషి మాత్రం లేదు.

"అత్తమ్మా," అంది నవనీత. గొంతు తనదేనా అనిపించేంత మామూలుగా వచ్చింది. "ఆ పొద్దు మీ అమ్మ ఏమైంది?"

చేటలో చెయ్యి ఆగింది.

దొడ్డిలో గొర్రె తవుడు నాకుతున్న చప్పుడు వినపడింది. దిండులోంచి మహేశ్వర్ "హలో, హలో" అంటున్నాడు.

"ఏమైతది?" అంది భద్రమ్మ. "జొరమొచ్చి పోయింది."

"ఎప్పుడు?"

"గప్పుడే."

"గప్పుడే అంటే?"

భద్రమ్మ తిరిగి చూడలేదు. ఏరిన రాళ్ళనే మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. ఎవరితోనూ కాదు, చేటతో మాట్లాడినట్టు అంది.

"తల ఇర్కిందంట. నన్ను గుంజిన్రు. నేనొచ్చిన. ఆమె నెత్తురు ఆగలే. పొద్దుగూకక ముందే పోయింది. బీరమ్మ ఆమె పేరు. ఎవ్వలడగలే ఇన్నేండ్లల్ల."

సైదమ్మ తలుపు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

"తల్లిని మింగినదానా అని పిల్సేది నన్ను. పేరు పెట్టి పిల్సినోళ్ళు లేరు. పెద్దమ్మ అన్నం పెట్టేది, మొకం సూడకపోయేది. ఇగ ఒకనాడు ఊరి పెద్దమనిషికి నడుము పట్టింది. ఎదురుకాళ్ళ పిల్ల ఉన్నది గదా, తొక్కిపిచ్చుండ్రి అన్నరు ఎవలో. ఇంత పిల్లను నేను. భయమయింది. తొక్కిన. ఆయన లేసి నడిసిండు." ఆమె చాపిన కాలి మోకాలు రుద్దుకుంది. "ఆ దినం సంది ఆ మాట అనలే ఎవ్వలు. భద్రమ్మా అన్నరు. కాలు మొక్కిన్రు."

భద్రమ్మ ఇంకో రాయి ఏరింది. ఈసారి విసరలేదు.

"ఇప్పుడు మీరొచ్చి, కాళ్ళు ముందొచ్చుడు ఆపద అంటున్రు. డాక్టరమ్మ అంటున్నది. అది ఆపదే అయితే మరి నేనేంది? మా అమ్మను నేనే..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. కాలు మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు చూస్తే అది ఎవరినో ఆపుతున్నట్టు లేదు. తనే పడిపోకుండా ద్వారబంధానికి తన్నిపట్టుకున్నట్టుంది.

నవనీతకు ఏడుపొచ్చింది. జాలి కూడా వచ్చింది, కానీ జాలిపడేంత తీరిక లేదు. కింద గచ్చు మీద చుక్కలు కలిసి చిన్న మడుగు అవుతున్నాయి.

"అత్తమ్మా, డాక్టరమ్మ ఇంకో మాట గూడ అన్నది. మీరు ఇనలే. ఎవ్వలి తప్పు కాదన్నది. బిడ్డ తప్పు అసలే కాదన్నది."

"ఏ బిడ్డను అన్నది?"

"ఏ బిడ్డనైనా."

భద్రమ్మ అప్పుడు తల తిప్పింది. కోడలి మొహం చూసింది. తర్వాత తడిసిన చీర చూసింది. తర్వాత గచ్చు చూసింది.

"ఇదెప్పుడు?"

"జరంత సేపాయె."

"ఓరి దేవుడా! చెప్పవేందే?"

"చెప్తే తలుపేస్తరని."

ఆ మాట తగిలినంత గట్టిగా భద్రమ్మ కాలు ఎవరి నడుముకూ తగిలి ఉండదు.

కిటికీ దగ్గర అలికిడైంది. కొమురయ్య చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. చేతులకు తవుడు.

"కాళ్ళే," అన్నాడాయన. ఇందాక ఆపిన చోటునుంచే మొదలుపెట్టాడు, మధ్యలో ఏమీ జరగనట్టు. "గొర్రెకు కాళ్ళే ముందొస్తయి. ముందుకాళ్ళు. వాటి మీద మూతి ఆనిచ్చి, ఎంట్నే తల వస్తది. గది పద్ధతి. ఎన్కకాళ్ళు ముందొచ్చిన నాడు నేను అన్నం తినను. తల లోపట ఉండంగనే పేగు నలుగుతది. కొన్ని దక్కుతయి. కొన్ని దక్కవు."

"ఈ మాట పొద్దుగాల్నే ఏమాయె నీకు?" అరిచింది భద్రమ్మ.

"ముందేమొస్తది అన్నవు. కాళ్ళన్న. నీతోని వాదులాడి ఎన్నడన్న గెలిసిన్నా?"

"ఇప్పుడు గెలిసినవు! పో! బండి తియ్యి!"

వాకిట్లో ఉన్న ఆటోలో మనిషి కూర్చోగలదు గాని పడుకోలేదు. కొమురయ్యకు గొర్రెల్ని సంతకు తోలే, వెనక తొట్టి ఉన్న ట్రాలీ ఆటో ఉంది. ఆయన పరుగెత్తడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు, ఆ రోజు చూశారు. గడ్డి పరిచాడు. దాని మీద గొంగడి పరిచాడు. తవుడు బస్తా ఒకటి ఎత్తు కోసం పడేశాడు. సైదమ్మ ఆటో డ్రైవరు ఫోను తీసుకుని 108 వాళ్ళతో మాట్లాడింది. బండి మిర్యాలగూడ వైపు నుంచి ఎదురొస్తుంది, మీరూ బయల్దేరండి, పడుకోబెట్టే తీసుకురండి అన్నారు.

ఇక మిగిలింది గడప.

భద్రమ్మ కాలు ముడుచుకోబోయింది. ముడవలేదు. పొద్దుటి నుంచి చాపి ఉంచిన మోకాలు కొయ్యలా బిగిసిపోయింది. రెండు చేతులతో తొడ పట్టి లాగింది. పళ్ళు బిగించింది. ఊరందరి నడుములకూ మందైన కాలు, తన మాట తను వినలేదు.

"అమ్మా... వస్తలేదే."

సైదమ్మ వంగి పట్టుకోబోతే ఆమె కేకేసింది. నొప్పికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"ఆగకుండ్రి. దాటు బిడ్డా."

నవనీత మంచం దిగింది. గడప దాకా రెండు మూడు అడుగులే. డాక్టరమ్మ నిలబడొద్దంది. కానీ ఆ అర్రలో మంచం తిరగదు, మోసుకుపోవడానికి గడపలో చోటు లేదు. కడుపు కింద రెండు చేతులూ పెట్టుకుని, గోడ వెంట వంగి వచ్చి, కాలు ముందర ఆగిపోయింది.

ఆగింది పాపభయంతోనా, నొప్పితోనా? ఆమెకే తెలియలేదు. ఒంటికి పట్టిన అలవాటు. తాత కాళ్ళు, వీపు మీద దెబ్బ.

"దోషముంటే నాకు తగలనీ," అంది భద్రమ్మ. చేట పక్కకు తోసింది. పప్పు, రాళ్ళు, ఏరినవీ ఏరనివీ వాకిలంతా చెల్లాచెదురయ్యాయి. ఆమె కోడలి ఎడమ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. పట్టుకుని, తనే ఎత్తి, తన కాలి మీదుగా అవతల పెట్టింది. "దాటు. ఎన్కకు సూడకు."

నవనీత దాటింది.

వాకిట్లో ఆటో డ్రైవరూ కొమురయ్యా చెరో పక్క పట్టి ఆమెను ట్రాలీలోకి ఎక్కించారు. గడ్డి మీద పడుకుంది. నడుము కింద తవుడు బస్తా. ఆకాశం తప్ప ఇంకేమీ కనబడదు. గొంగడిలో, గడ్డిలో, ఎక్కడ చూసినా గొర్రెల వాసన. సైదమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కూతురి చెయ్యి పట్టుకుంది. కొమురయ్య స్టీరింగు పట్టుకున్నాడు. గొర్రెలు తొక్కుకుంటాయని ఎప్పుడూ నింపాదిగా తోలే మనిషి. ఆ రోజు వీధి మలుపులో కోళ్ళు ఎగిరి గోడలెక్కాయి.

నవనీత వెనక్కి చూడలేదు. చూడొద్దంది కదా. చూసి ఉంటే, గడప మీద కాలు చాపుకుని, చుట్టూ పప్పు పడి ఉండగా, లేవలేక కూర్చున్న అత్త కనిపించి ఉండేది. దిండు పక్కన పడిపోయిన ఫోనులో కొడుకు ఇంకా పిలుస్తుంటే, "మిర్యాలగూడ దవాఖానకు పోతున్నరురా, సీదా ఆడికే రా!" అని ఆమె అర్రలోకి అరవడం వినిపించి ఉండేది.

కాలువ రోడ్డెక్కారు. రెండు వైపులా నాట్లేసిన పొలాలు. మిర్యాలగూడ బోర్డు ఇంకా రాలేదు. ఎదురుగా సైరను వినిపిస్తుందేమోనని సైదమ్మ మెడ చాచి చూస్తోంది. గాలి మోత తప్ప ఏమీ లేదు.

గతుకు ఒకటి తగిలింది. ట్రాలీ ఎగిరి పడింది. అప్పుడు లోపల బిడ్డ తన్నింది. నవనీత ఆ తన్నును నెలల తరబడి ఎరుగును. పక్కటెముకల కింద, బొడ్డు పక్కన, ఈ మధ్య పొత్తికడుపులో. కానీ ఇది అక్కడెక్కడా కాదు. ఆ తన్నిన పాదం ఇంకా లోపలే ఉందో, అప్పుడే బయటికొచ్చిందో ఆమెకు తెలియలేదు.

"అమ్మా," అంది. "ఒకసారి సూడు."

సైదమ్మ చీర కొద్దిగా ఎత్తి చూసింది. చిన్న పాదం ఒకటి బయటికొచ్చి ఉంది. చూసిన మొహం ఏ రంగుకు తిరిగిందో పడుకున్న కూతురికి కనిపించలేదు. చీర మళ్ళీ దించి, రెండు చేతులతో కొమురయ్య వీపు వెనక అద్దాన్ని గుద్దింది.

"అన్నయ్యా! సైరను వినపడేదాకా ఆపొద్దు!"

ఇందులో ఒక సంగతి నేను కల్పించాను. చెప్పకుండా ఉంటే నాకు అన్నం సహించదు. లారీ డ్రైవరు అనుకుంటున్నారు కదూ? కాదు. ఆ డ్రైవరు ఉన్నాడు, టార్పాలిన్ ఉంది, మోసినవాడికి నడుము పట్టడం కూడా నిజం. నేను కల్పించింది బీరమ్మ అన్న పేరు. భద్రమ్మ ఆ పొద్దు ఏ పేరూ చెప్పలేదు. ఆమెకు తెలియదు. తల్లిని మింగినదానా అన్నవాళ్ళు ఆ తల్లి పేరేమిటో ఏనాడూ చెప్పలేదు. గడప మీద కూర్చుని ఆమె "మా అమ్మ పేరు..." అని ఆగిపోతే, ఆ ఖాళీ చూడలేక నేనే ఒకటి పెట్టేశాను.